గుర్రం వెనక్కి వాలి నిలబడితే: సందేహాలు – సమాధానాలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎప్పుడూ ఆవులూ గేదెలూ మేకలే. పాలు తగ్గాయని, ఎదకు రావడం లేదని, పొదుగు గట్టిపడిందని. ఈసారి మాత్రం గుర్రాల వాళ్ళు వరస కట్టారు. పెళ్ళిళ్ళ రోజులు కదా అనుకున్నాను మొదట. అన్నీ చదివాక తెలిసింది, ఎవరు ఎలా అడిగినా తిరిగి తిరిగి వచ్చేది ఒకే జబ్బు దగ్గరికని. దాన్ని ల్యామినైటిస్ అంటారు. మన తట్టు దానికి స్థిరమైన పేరు లేదు. నడుం పట్టింది, వాతం కమ్మింది, కాళ్ళు కట్టేసుకుపోయాయి, ఎవరికి తోచింది వాళ్ళంటారు. నడుం అన్నాక నడుముకే నూనె రాస్తారు. జబ్బేమో గిట్టలో ఉంటుంది.

డాక్టరు బాబూ, మా తెల్లగుర్రం మొన్న పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళొచ్చిన కాడి నుంచి ముందుకాళ్ళు చాపి, వెనక్కి వాలి నిలబడతంది. మలుపు తిప్పుదామంటే మొరాయిస్తంది. నడుం పట్టేసింది, నూనె రాసి నాలుగు ఫర్లాంగులు నడిపించమని అంటన్నారు. నడిపించమంటారా?
– పెళ్ళి గుర్రం యజమాని, నరసన్నపేట

వద్దు. నీళ్ళతొట్టి దగ్గరికి కూడా నడిపించొద్దు, నీళ్ళే దాని దగ్గరికి తీసుకెళ్ళండి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను అచ్చం ఇలాంటి గుర్రాన్నే చూసి కడుపునొప్పి అనుకున్నాను. చెమటలు పోస్తోంది, పడుకుంటోంది, లేస్తోంది. కడుపునొప్పికి నడిపించడం మంచిదని చదువుకున్నవాణ్ణి కాబట్టి దగ్గరుండి రెండు గంటలు నడిపించాను. నాలుగోరోజు గిట్ట ఎత్తి చూస్తే అరికాలు కిందికి ఉబ్బి ఉంది. వారం తిరిగేసరికి ఎముక మొన బయటికి పొడుచుకొచ్చింది. ఆ తప్పు నాదే. ఆ గుర్రం యజమాని నన్నొక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గిట్ట లోపల ఏముందో తెలిస్తే నడిపించడం ఎందుకు తప్పో మీకే అర్థమవుతుంది. గుర్రం కాలి చివరి ఎముక గిట్ట అడుగున కూర్చుని ఉండదు. ఉట్టిమీద కుండలా గిట్ట గోడకు వేలాడుతూ ఉంటుంది. ఉట్టి తాళ్ళ పని చేసేవి సన్నటి పొరలు. రెండు తాటాకు విసనకర్రల మడతల్ని ఒకదానిలో ఒకటి దూర్చినట్టు, ఎముక వైపు మడతలూ గోడ వైపు మడతలూ పెనవేసుకుని ఉంటాయి. ఒక్కో గిట్టలో ఇలాంటివి 550 నుంచి 600 దాకా. ప్రతి మడత మీదా మళ్ళీ నూటికి పైగా పిల్ల మడతలు. ఈ పొరలు దెబ్బతిని సాగిపోవడమే ల్యామినైటిస్. తాళ్ళు వదులవుతున్న ఉట్టిని ఎవరైనా ఊపుతారా? మీరు వేయించే ప్రతి అడుగూ ఆ ఊపే.

ముందుకాళ్ళు చాపడం కూడా అందుకే. గుర్రం బరువులో నూటికి అరవై పాళ్ళు ముందుకాళ్ళ మీద పడుతుంది, నొప్పి గిట్ట మొన దగ్గర ఎక్కువ. మొన మీద భారం పడకుండా ముందుకాళ్ళు చాపి మడమల మీద ఆనుతుంది, వెనకకాళ్ళను పొట్ట కిందికి లాక్కుంటుంది. చూసేవాళ్ళకు నడుం వంగినట్టు కనిపిస్తుంది, నడుం పట్టిందనే మాట అలా పుట్టింది.

మీ చేతి వేళ్ళతో చేసుకోగల పరీక్ష ఒకటుంది. గిట్టకు పైన ఏటవాలుగా ఉండే భాగం, దానికి పైన ఉబ్బెత్తుగా ఒక కీలు ఉంటుంది. ఆ కీలు వెనక భాగాన, అటు పక్కా ఇటు పక్కా, చూపుడువేలూ నడిమివేలూ ఆన్చి మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. చర్మం కింద దారంలాంటిది జారుతుంది. రక్తనాళం, నరం కలిసి పోయే కట్ట అది. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది, ఊరికే తాకితే అందదు. ముంజేతి నాడి చూసేటంత ఒత్తిడి చాలు. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఆ నాడి వెతుక్కోవాలి, ఒక్కోసారి దొరకదు కూడా. జబ్బు మొదలైన కాలికి వెతకక్కర్లేదు, వేలికి తన్నుతుంది. రెండు ముందుకాళ్ళలోనూ అలా కొడుతుంటే, గుర్రం మీరు చెప్పినట్టు నిలబడుతుంటే, నేను ఇక్కడ కూర్చుని కూడా పేరు చెప్పగలను.

గిట్ట వేడిని మాత్రం ఎక్కువ నమ్మకండి. మన ఎండల్లో సిమెంటు రోడ్డు మీద నిలబడ్డ ఏ గుర్రం గిట్టయినా కాలుతూనే ఉంటుంది. నాలుగు కాళ్ళూ పోల్చి, అదీ తెల్లవారుజామున చూస్తే కొంత పనికొస్తుంది.

డాక్టరు వచ్చేలోగా ఒక్క పని చేయండి. వంశధార ఇసుక మనకు కరువు కాదు. గుర్రం నిలబడ్డ చోటే జానెడు మందాన, వీలైతే ఇంకా ఎక్కువ, మెత్తని ఇసుక పరిచేయండి. అది గిట్ట అడుగునంతా పట్టుకుని భారం పంచుతుంది. గుర్రం తనకు హాయిగా ఉండే కోణంలో మొన దించుకుంటుంది. పడుకుంటే లేపకండి. దాణా, బెల్లం, మిఠాయి అన్నీ ఆపేసి ఎండుగడ్డి, నీళ్ళు మాత్రం ఇవ్వండి. ఆ పెళ్ళిలో ఎవరెవరు ఏమేం పెట్టారో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముచ్చటపడి లడ్డూలు పెడుతూనే ఉంటారు, ఒక్కొక్కరు ఒక్కటేగా అనుకుంటారు.

రాత్రి మా పొట్టి గుర్రం కట్టు తెంపుకుని కళ్ళంలో ధాన్యం రాశి మీద పడింది. ఎంత తిందో తెలియదు. పొద్దున్న చూస్తే చక్కగా ఉంది, నడుస్తోంది. ఏమైనా మందు వేయాలా?
– రైతు, జలుమూరు మండలం

ఈ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి పన్నెండు రోజులైంది. మీ గుర్రం గతి ఈపాటికి అటో ఇటో తేలిపోయి ఉంటుంది. కాబట్టి ఈ జవాబు వచ్చే సంక్రాంతికి కళ్ళం పక్కన గుర్రం కట్టుకునే వాళ్ళకి.

పొద్దున్న చక్కగా ఉండటమే ఇందులో మోసం. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, తిన్నది ముందుకే పోవాలి. కాసింత గింజయితే చిన్నపేగులో అరుగుతుంది. రాశి మీద పడి తిన్నప్పుడు పిండి పదార్థం అరగకుండానే పెద్దపేగులోకి దొర్లిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, ఆమ్లం పుడుతుంది, పేగు గోడ దెబ్బతిని విషాలు రక్తంలోకి చేరతాయి. అవి గిట్ట పొరల దాకా వెళ్ళి అక్కడ నాశనం మొదలుపెట్టి, ఆ నాశనం కుంటుగా బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కుంటు కనిపించిందంటే జబ్బు మొదలైందని కాదు, అప్పటికే సగం పని అయిపోయిందని.

అందుకని కుంటే దాకా ఆగకండి. తిన్నదని తెలిసిన గంటలోనే ఫోన్ చేయండి. మీ దగ్గర్లో పశువుల ఆసుపత్రి లేకపోతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. డాక్టరు ముక్కు గుండా గొట్టం వేసి కడుపు ఖాళీ చేయడం, నూనె పోయడం లాంటివి చేస్తారు. మీరు సొంతంగా సీసాతో నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రాణాపాయం.

రెండో పని ఐసు. తమాషా కాదు. 2004లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రం ఒక ముందుకాలిని మాత్రం ఐసునీళ్ళలో ఉంచి, రెండోదాన్ని బయట వదిలేసి చూశారు. విషం ఒకటే, రక్తం ఒకటే. బయట ఉన్న కాలికి జబ్బు వచ్చింది, ఐసులో ఉన్న కాలిని అది తాకలేదన్నంత తేడా. మనకు ఐసెక్కడిది అనకండి. చేపల వ్యాపారుల దగ్గర దిమ్మలకు దిమ్మలు దొరుకుతుంది. ముక్కలు కొట్టి, ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిలో నీళ్ళతో కలిపి, మోకాలి కిందిదాకా వచ్చేలా కట్టాలి. కరిగేకొద్దీ మళ్ళీ వేయాలి, రెండు రోజులూ రాత్రీ పగలూ. ఇంట్లో వాళ్ళు వంతులు వేసుకోవాల్సిందే. గంటసేపు పెట్టి తీసేస్తే ఏమీ పెట్టనట్టే. ఇదంతా కుంటు రాకముందు, లేదా వచ్చిన తొలి గంటల్లో.

మాయ పడని ఆడగుర్రానికీ ఇదే ప్రమాదం అని ఇక్కడే చెప్పేస్తాను. గుర్రం ఈనిన మూడు గంటల్లో మాయ పడకపోతే ఆవుకి చూసినట్టు మర్నాటిదాకా చూడకూడదు. గర్భాశయంలో కుళ్ళు మొదలైతే అదీ గిట్టల్లోనే తేలుతుంది.

మేము గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాం. ఆవులు రోజూ చూస్తాం గానీ గుర్రాలు అరుదు. ల్యామినైటిస్ తీవ్రతను పొలంలో, ఎక్స్‌రే లేకుండా ఎలా అంచనా వేయాలి సార్?
– విద్యార్థులు, గరివిడి

నీల్స్ ఒబెల్ అనే స్వీడన్ పశువైద్యుడు 1948లో చెప్పిన నాలుగు మెట్లు మీ పుస్తకంలోనే ఉన్నాయి. అవి ఇప్పటికీ చాలు, చూసే కన్ను ఉండాలంతే. మొదటి మెట్టు గుర్రం నిలబడ్డచోట కాళ్ళు మార్చుకుంటూ ఉంటుంది, ఒకటెత్తి ఒకటి దించి. నడకలో ఏమీ తెలియదు, దుడుకు నడక నడిపిస్తే అడుగులు పొట్టిగా, బిగుసుగా పడతాయి. రెండో మెట్టులో నడకే బిగుసుకుంటుంది కానీ నడుస్తుంది, కాలెత్తనిస్తుంది. మూడో మెట్టులో కదలడానికి ఇష్టపడదు, కాలెత్తబోతే ఒప్పుకోదు. ఎందుకంటే ఒక కాలెత్తితే ఆ భారం రెండో కాలి మీద పడుతుంది. నాలుగో మెట్టు బలవంతం చేస్తే తప్ప కదలదు.

మొదటి మెట్టు దగ్గరే మీరు తప్పుతారు. రెండు ముందుకాళ్ళూ సమానంగా నొప్పి పెడుతుంటే తల ఊపుతూ కుంటదు. కుంటడం లేదు కాబట్టి కాళ్ళు బాగున్నాయని రాసేస్తారు. అందుకే మలుపు తిప్పండి, ఒక్కసారి చాలు. గట్టినేల మీద చిన్న మలుపు తిరగమంటే బాధ ఉన్న గుర్రం ముందుకాళ్ళను చెక్కముక్కల్లా తీసి తీసి పెడుతుంది. రాళ్ళున్న నేల మీంచి మట్టి మీదికి రాగానే నడక మారిపోతుందా చూడండి.

ఆ తర్వాత గిట్ట పట్టకారు. మొన దగ్గర, ఆ వీ ఆకారపు మెత్తని భాగానికి ముందు, అంగుళం అంగుళం నొక్కుతూ రండి. మొదటిసారి లాగేసుకుంటే సరిపోదు, అదే చోట మళ్ళీ నొక్కితే మళ్ళీ లాక్కోవాలి. వెంట్రుకలు గిట్టను కలిసే అంచు మీద బొటనవేలు నడపండి. అక్కడ వేలు దిగేంత గుంట తగిలితే ఎముక మొత్తంగా కిందికి జారుతోందని అనుమానించాలి. ఎముక మొన కిందికి తిరగడం కన్నా ఇలా జారడం ఘోరం. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టండి. నిమ్మళంగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. అరవై దాటితే, జ్వరం లేకపోతే, అది నొప్పి మాట్లాడుతున్నట్టు.

పొరపాటు పడేందుకు జబ్బులు కొన్ని ఉన్నాయి. ఒకే కాలు ఎత్తిపట్టుకుంటే గిట్టలో చీముందేమో, లాడం మేకు గుచ్చుకుందేమో ముందు చూడండి. నాలుగు కాళ్ళూ బల్లకోళ్ళలా చాచి, తోక లేచి, చెవులు నిక్కబొడుచుకుని, ముఖం మీద తడితే మూడో కనురెప్ప కంటి మీదికి తోసుకొస్తే అది ధనుర్వాతం. కష్టం తర్వాత కటిభాగం కండరాలు రాయిలా గట్టిపడి, మూత్రం కాఫీరంగులో పోస్తే అది కండరాల జబ్బు. ల్యామినైటిస్‌లో కండరాలూ బిగుసుకుంటాయి, చెమటలూ పోస్తాయి, అందుకే నాలాంటివాడు కడుపునొప్పి అనుకున్నాడు. ఏ గుర్రం పడుకుని లేవనంటున్నా ముందు నాడి పట్టుకుని తర్వాత పొట్ట మీద స్టెతస్కోపు పెట్టండి. నాకు ఎవరైనా ఆ వరస నేర్పి ఉంటే బాగుండేది.

సరదాకి ఆడగుర్రాన్ని పెంచుకుంటున్నాం. పని చెప్పం. ఉలవ గుగ్గిళ్ళు, సెనగలు, తవుడు, రోజూ బెల్లంముక్క. ఒళ్ళు చేసి ముచ్చటగా ఉంటుంది. ఏటా వానలు పడి పచ్చగడ్డి వచ్చాక కొన్నాళ్ళు పాదాలు నొప్పిగా నడుస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. గిట్ట మీద వలయాల్లాంటి గీతలు పడ్డాయి.
– ఒక గృహిణి, విశాఖపట్నం

అమ్మా, మీరు రాసిన ఆ చివరి రెండు వాక్యాలు చాలు. తగ్గిపోవడం లేదు, పేరుకుంటోంది.

ఆ గీతల్ని దగ్గరగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న గిట్ట మీద కూడా రుతువు మారినప్పుడల్లా గీతలు పడతాయి, కానీ అవి పట్టాల్లా సమాన దూరంలో పోతాయి. మీ గుర్రానికి మొన దగ్గర దగ్గరదగ్గరగా ఉండి మడమ వైపు వెడల్పు అవుతూ ఉంటాయి, పందెం. అంటే మొన దగ్గర పెరుగుదల ఆగి, మడమ మాత్రం పెరుగుతోంది. ఒక్కో గీతా ఒక్కో దాడికి రాసిపెట్టిన లెక్క.

పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు కనిపించే ల్యామినైటిస్‌లో అత్యధిక భాగం ఈ రకమే. తిండిపోటుతో ఒక రాత్రి వచ్చేది కాదు, ఇన్సులిన్‌తో ఏళ్ళ తరబడి వచ్చేది. 2007లో అదే క్వీన్స్‌లాండ్ పరిశోధకులు ఏ జబ్బూ లేని సన్నటి పోనీలకు ఇన్సులిన్ ఎక్కిస్తూ పోయారు, చక్కెర పడిపోకుండా గ్లూకోజూ ఇస్తూ. మూడు రోజుల్లోపే అన్నిటికీ గిట్టలు దెబ్బతిన్నాయి. మనిషికి చక్కెరజబ్బులో కళ్ళూ మూత్రపిండాలూ పోతే, గుర్రానికి ఇన్సులిన్ ఎక్కువై గిట్టలు పోతాయి. అంతే తేడా అనుకోండి.

మీ గుర్రం జూలు కింద, మెడ పైఅంచు మీద చెయ్యి వేయండి. మెత్తగా అటూ ఇటూ ఊగితే ఫర్వాలేదు. గట్టి కొవ్వు దిమ్మలా పట్టుకు నిలబడితే ప్రమాదం. పక్కటెముకల మీద అరచెయ్యి వేసి రాయండి. కంటికి కనబడకుండా చేతికి మాత్రం తగలాలి. తగలకపోతే మీరు ముచ్చట అంటున్నదాన్ని నేను జబ్బు అంటాను.

బెల్లం ఈ రోజే మానండి. ఉలవలు, సెనగలు, తవుడు కూడా. గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టడం మన భాషలో సామెతల దాకా ఎక్కింది గానీ, ఆ గుగ్గిళ్ళు రోజంతా బండిలాగే గుర్రానివి. ఎండుగడ్డి రోజుకు ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు తూచి వేయండి. మూడు వందల కిలోల గుర్రానికి నాలుగున్నర కిలోలు. వేసే ముందు గంటసేపు చన్నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత చక్కెర కరిగి పోతుంది. మరీ మాడ్చేసి వరిగడ్డి మీద ఉంచకండి. లావు గుర్రాన్ని ఒక్కసారి పస్తు పెడితే కొవ్వు రక్తంలోకి పొంగి కాలేయం దెబ్బతింటుంది. నెలలు పట్టినా మెల్లగానే దించాలి. పదిహేనేళ్ళు దాటిన గుర్రమై, వేసవిలోనూ బొచ్చు రాలకుండా పొడుగ్గా, ఉంగరాలు తిరిగి ఉంటే పిట్యుటరీ గ్రంథి జబ్బు ఉందేమో రక్తం పరీక్ష చేయించాలి. దానికి వేరే మందుంది.

పాడేరు పైన కొండ ఊరు మాది. రోడ్డు లేదు, సరుకులు గుర్రం మీదే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో గుర్రం ఆ చెట్ల కిందే ఉంటుంది. ఏమైనా చెడుపా?
– ఒక పాఠకుడు, ఏజెన్సీ

మా ముఖలింగేశ్వరుడికి మధుకేశ్వరుడని పేరు. ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం, మధూకమంటే ఇప్పే. కాబట్టి ఇప్పను నేను తప్పుపట్టను. కానీ ఎండిన ఇప్పపువ్వు బరువులో ఇంచుమించు సగం చక్కెర. నాలుగు పువ్వులు ఏరుకుతింటే పని చేసే కొండ గుర్రానికి ఏమీ కాదు. ఇంట్లో ఆరబోసిన కుప్ప మీద పడితే జలుమూరు రైతుకు రాసిందే మీకూ వర్తిస్తుంది. కుప్పకు తడిక కట్టండి.

మా ఊళ్ళో ఆవులకు గాలికుంటు తగిలింది. గుర్రం కూడా కుంటుతోంది. అంటుకుందా?
– పలాస

గుర్రానికి గాలికుంటు రాదు. గిట్ట చీలిన పశువులకే వస్తుంది. మీ గుర్రానికి వేరే కారణముంది, పై జవాబులు చదివి నాడి చూడండి. పనిలో పనిగా, దాణా బాగా దట్టించే పాడి ఆవులకూ ఇదే ల్యామినైటిస్ వస్తుంది, అవి కుంటే సరికి అందరూ గాలికుంటే అనుకుంటారు.

గిట్ట పైన వాత పెట్టమని ఒకరు, నెత్తురు తీయించమని ఒకరు, వంశధారలో మోకాలి లోతున నిలబెట్టమని ఒకరు. మా దగ్గర మనుషుల నొప్పి ఇంజెక్షను ఉంది, అది చేయొచ్చా?
– గుర్రపుబండి యజమాని, శ్రీకాకుళం

వాత వద్దు. ఉన్న నొప్పికి ఇంకో నొప్పి తోడు, అంతే. నెత్తురు తీయడం యూరప్‌లోనూ వందల ఏళ్ళు చేశారు, మానేశారు.

నది మాట కొంచెం ఆలోచించాల్సిందే. అన్నది చల్లదనం కోసమే, ఉద్దేశం మంచిది. కానీ గిట్టకు కావలసింది పది డిగ్రీల లోపు చలి. మన వంశధార నీళ్ళు మాఘమాసం తెల్లవారుజామున కూడా అంత చల్లగా ఉండవు. పైగా రేవు దాకా నడిపించాలి, రాళ్ళ మీద. ఇంటికాడే ఐసు మేలు.

ఇంజెక్షను సంగతి. సీసా మీద డైక్లోఫెనాక్ అని ఉంటే పశువులకు వాడటం 2006 నుంచి మన దేశంలో నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండి చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై కుప్పలుగా రాలిపోయాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో నిషేధించారు. గుర్రానికి సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, మోతాదు డాక్టరే చెప్పాలి. ఎక్కువైతే పొట్టలో పుండ్లు. స్టెరాయిడ్ ఇంజెక్షను ఎవరైనా చేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపండి, ఈ జబ్బులో అది అగ్గిలో ఆజ్యం. ఇంకో మాట. మందుకు నొప్పి తగ్గిందని మర్నాడే బండి కట్టకండి. మందు నొప్పిని తగ్గించింది, ఉట్టి తాళ్ళను ముడివేయలేదు.

మన ముఖలింగమే ఒకప్పటి కళింగనగరమని గిడుగు రామమూర్తి పంతులుగారు శాసనాలు చదివి చెప్పారు కదా. గంగరాజుల అశ్వసైన్యానికీ ఈ జబ్బు ఉండేదా?
– ఉపాధ్యాయుడు, శ్రీముఖలింగం

మాస్టారూ, గింజ తిన్న గుర్రం ఉన్నచోటల్లా ఉండి ఉంటుంది. ప్రాచీన గ్రీకులు దీన్ని బార్లీ జబ్బు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు, కారణం పేరులోనే పెట్టేశారు. మనవాళ్ళూ గుర్రాన్ని తక్కువ చూడలేదు. శాలిహోత్రుడి పేరే పశువైద్యానికి మారుపేరైంది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో శాస్త్రమే రాశాడు. ఇక్కణ్ణుంచి కటకానికి మకాం మార్చిన గంగవంశం వాళ్ళే 13వ శతాబ్దంలో కోణార్కలో సూర్యుడి రథానికి గుర్రాల్ని చెక్కించారు, దక్షిణాన రెండు యుద్ధాశ్వాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మన అరసవల్లి దేవుడికి ఏడు.

ఎంత డబ్బున్నా ఈ జబ్బు వదలదని చెప్పడానికి అమెరికా చాలు. పందేల చరిత్రలోకెల్లా పేరుమోసిన సెక్రటేరియట్‌ను 1989 అక్టోబరులో ల్యామినైటిస్ వల్లే ప్రాణం తీయించి బాధ తప్పించారు. బార్బరో అనే గుర్రం 2006లో పందెంలో వెనకకాలు విరగ్గొట్టుకుంది. విరిగిన కాలు అతుక్కుంటూ వచ్చింది, భారమంతా మోసిన రెండో కాలికి ల్యామినైటిస్ పట్టింది, 2007 జనవరిలో పోయింది. ఒక కాలికి కట్టు కట్టిన గుర్రం మీ ఊళ్ళో ఎవరికైనా ఉంటే, కట్టు లేని కాలిని రోజూ చూడమనండి.

ఆరు వారాల కిందట మా గుర్రానికి ఈ జబ్బని తేల్చారు. ఎక్స్‌రే తీస్తే ఎముక తిరిగిందన్నారు, కిందికి జారలేదన్నారు. ఇప్పుడు మందు లేకుండా ఇసుకలో నడుస్తోంది. రానున్న ముహూర్తాలకి నాలుగు బయానాలు పుచ్చుకున్నాను. వెళ్ళొచ్చా? లాడాలు కొట్టించనా?
– పెళ్ళి గుర్రం యజమాని, టెక్కలి

ఎముక తిరిగింది, జారలేదు, మందు లేకుండా నడుస్తోంది. మూడూ మంచి కబుర్లే. ఎన్ని డిగ్రీలు తిరిగిందన్న అంకెకు జనం భయపడతారు గానీ, నేను ముందు చూసేది ఎముక మొన కింద అరికాలు ఎంత మందం మిగిలిందని. పదిహేను మిల్లీమీటర్లు ఉంటే ఊపిరి తీసుకోవచ్చు. మీ ఎక్స్‌రే తీసినవాళ్ళని ఆ ఒక్క కొలత అడగండి.

లాడాల సంగతి, ఎద్దులకు లాడాలు కొట్టే మనిషి ఎంత పనిమంతుడైనా ఈ గిట్టకు ఇప్పుడు సుత్తి తగలనివ్వకండి. మొన పొడుగు పెరిగితే అడుగు లేచే ప్రతిసారీ అది గోడను ఎముక నుంచి పీకుతుంది. నాలుగైదు వారాలకొకసారి మొన పొట్టి చేయించాలి, ఎక్స్‌రే పక్కన పెట్టుకుని, డాక్టరు చెప్పిన గీత వరకే.

ఇక బయానాలు. గిట్ట నెలకు సెంటీమీటరుకు అటూ ఇటూగా పెరుగుతుంది. ఎముకను గట్టిగా పట్టుకున్న కొత్త గోడ పైఅంచు నుంచి నేల దాకా దిగాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది. మీకు ఆరు వారాలే అయింది. అంటే పైన వేలెడు కూడా కొత్తది రాలేదు, మిగతా గిట్టంతా పాత సాగిపోయిన పొరల మీదే ఉంది. ఇసుకలో నడిచే గుర్రం, నెత్తిన పెళ్ళికొడుకు, కింద తారురోడ్డు, చెవి పక్కన డీజే, మూడు గంటలు. నాలుగు బయానాలూ తిరిగిచ్చేయండి.